పాత చైన్ ట్రాక్టర్ చెలకకు కొను, పొలానికి కాదు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర నీకు 14 ఎకరాలు. అందులో 6 ఎకరాలు చెరువు కింద వరి పొలం, 8 ఎకరాలు ఎర్ర చెలక. చెలకలో సగం సర్కారు తుమ్మ కమ్మేసింది, అక్కడక్కడ గుండ్లున్నాయి. ఒక పాత రైస్ మిల్లు షెడ్డులో చిన్న చైన్ ట్రాక్టర్ (టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద నడిచేది) ఉంది, ప్లేటు మీద క్యాటర్‌పిల్లర్ డీ2 అని ఉంది, 2 లక్షల 80 వేలు చెబుతున్నారు. ఇంజన్ తిరుగుతోంది, మూడేళ్లుగా ఎవరూ నడపలేదు. నీకు సొంతంగా వెల్డింగ్ షాపు ఉంది. నువ్వడిగేది మూడు విషయాలు: దమ్ముకూ దున్నకానికీ రెండింటికీ పనికొస్తుందా, 30 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండే బండి ఏం లాగుతుంది, చైన్ హార్వెస్టర్ బురదలో పోతున్నప్పుడు ఇది ఎందుకు పోదు.

నేను గోదావరిఖని, భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో కాంట్రాక్టు డోజర్ల మీద 22 ఏళ్లు మెకానిక్‌గా చేశాను. తర్వాత పరకాల వైపు మా ఊరికొచ్చి వ్యవసాయంలో పడ్డాను. మా బామ్మర్ది, నేను కలిసి ఇలాంటి డీ2నే కొని తొమ్మిదేళ్లు నడిపాం. దాని మీద నాకు ప్రేమ ఉంది, అందుకే నిజం చెప్తాను. చెలకకైతే కొను. పొలంలో దించుతానంటే మాత్రం ఆ డబ్బు బ్యాంకులో వేసుకో.

ముందు హార్స్‌పవర్ సంగతి. ట్రాక్టర్ కంపెనీలు చెప్పే 45, 50 హార్స్‌పవర్ ఇంజన్ దగ్గరిది. నాగలి దగ్గరికొచ్చేసరికి అందులో చాలా పోతుంది. వదులు నేలలో టైర్ల బండి వెనక చక్రాలు నూటికి 15, 20 వంతులు ఊరికే తిరుగుతాయి, డీజిల్ కాలుతుంది కానీ బండి కదలదు. చైన్ అలా జారదు, నూటికి 3, 4 వంతులు జారితే ఎక్కువ. డీ2కు రాసే హార్స్‌పవర్ డ్రాబార్ దగ్గర, అంటే వెనక పనిముట్టు తగిలించి లాగే కమ్మీ దగ్గర కొలిచింది: పాత మోడల్‌కు 25 దగ్గర, తర్వాతి దానికి 30 పైచిలుకు. అంటే పొడి చెలకలో అది మన 50 హార్స్‌పవర్ టైర్ల ట్రాక్టర్ లాగేంత లాగుతుంది, ఎక్కువ సేపు, ఆగకుండా లాగుతుంది. వేగం మాత్రం ఆశించకు. మొదటి గేరులో గంటకు 2.7 కిలోమీటర్లు, అయిదో గేరులో 8. అంతే.

నేల మీద పడే బరువు లెక్క కూడా నువ్వే వేసుకోవచ్చు. బండి 3,200 కిలోలు అనుకో. ఒక్కో చైన్ వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు సుమారు 145 సెంటీమీటర్లు. రెండు చైన్లకు 8,700 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 400 గ్రాములు కూడా పడదు. మనిషి నడిచేటప్పుడు ఒక్క పాదం కింద పడే బరువు కూడా అంతే ఉంటుంది. అదే టైర్ల ట్రాక్టర్ వెనక టైరు కింద దాదాపు కిలో పడుతుంది. అందుకే చైన్ బండి తిరిగిన నేల కింద మట్టి అంతగా గడ్డకట్టదు.

ఇప్పుడు నువ్వంటావు, ఇంత తేలిగ్గా ఆనితే బురదలో ఇంకా బాగా పోవాలి కదా అని. పోతుంది. దిగబడదు. అసలు ఈ చైన్ పుట్టిందే మెత్తటి నేల కోసం. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ పక్కన నదీ డెల్టాలో నేలంతా కుళ్లిన ఆకులూ గడ్డీ పేరుకుని స్పంజిలా ఉండేది. గుర్రాలు దిగబడేవి, ఆవిరి ట్రాక్టర్ల పెద్ద చక్రాలూ దిగబడేవి. 1904 నవంబరులో బెంజమిన్ హోల్ట్ చక్రాలు తీసేసి చైన్ కట్టి అక్కడే నడిపి చూశాడు. ఆయన కంపెనీ, బెస్ట్ కంపెనీ కలిసి 1925లో క్యాటర్‌పిల్లర్ అయ్యాయి. డీ2 వచ్చింది 1938లో, 1957 దాకా చేశారు.

కానీ అక్కడి మట్టికీ మన మట్టికీ తేడా చూడు. అది కుళ్లిన గడ్డి, మెత్తన. మనది గ్రానైటు రాయి అరిగి, పగిలి అయిన మట్టి, చేతిలోకి తీసుకుని నలిపితే గరగరమంటుంది. ఆ ఇసుక నీళ్లలో కలిసిందంటే లేత్ షాపులో వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు లెక్కనే. పాత డీ2 చైన్‌లో లింకులను కలిపే పిన్నుకూ, దాని మీద తొడిగిన బుష్షు గొట్టానికీ మధ్య సీలు ఉండదు, నూనె ఉండదు, ఇనుము మీద ఇనుము తిరగడమే. హార్వెస్టర్ చైన్ రబ్బరుది, లోపల తీగలు పోసి ఒకే పట్టీలా పోత పోస్తారు. దానికి పిన్నులు, బుష్షులు లేవు, అరగడానికి కీళ్లే లేవు. అదీ ఇదీ రెండూ చైన్ అంటాం కానీ లోపల రెండూ వేరు. హార్వెస్టర్ బురదలో పోతుందని దీన్ని దించితే ఏమవుతుందో నేను నా డబ్బుతో తెలుసుకున్నాను.

కొన్న మొదటి ఏడాది యాసంగి నాట్లకు ముందు, చెరువు కింద మడి ఒకటి ఎత్తుపల్లాలుగా ఉంటే నీళ్లు పెట్టి చదును చేద్దామని దించాం. ఆరు రోజులు. బండి ఎక్కడా ఆగలేదు, మా బామ్మర్ది సంబరపడ్డాడు. పక్క రైతులు వచ్చి చూసి పోయారు. ఎండాకాలం చైన్ విప్పి చూస్తే బుష్షు గోడ సగానికి అరిగింది. ఆ ఆరు రోజుల్లో పోయింది నాలుగేళ్ల చెలక పని కంటే ఎక్కువ. పైగా మలుపు తిరిగిన ప్రతిచోటా చైన్ ప్లేట్ల పళ్లు బురదను తోడి గుట్టలు పోశాయి, అవి మళ్లీ పారతోనే సరిచేశాం. గట్లు రెండు తెగాయి. 10 గుంటల మడిలో మలుపులే ఎక్కువ, నడక తక్కువ. రొటోవేటర్ కడదామన్నా ఈ బండికి మూడు పాయింట్ల లిఫ్టు లేదు. పనిముట్టును తిప్పే పీటీవో ఇరుసు కొన్నిటికే వెనక ఉంటుంది. దమ్ముకు నీ 6 ఎకరాలకు కేజ్ వీల్స్, అంటే ఇనుప పంజరం చక్రాలు వేసిన ట్రాక్టరు కిరాయికి పిలువు. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

వానాకాలంలో ఒక్క పనికి మాత్రం దీన్ని పొలం ఒడ్డు దాకా తీసుకుపోవచ్చు. దిగబడ్డ ట్రాక్టర్‌ను, హార్వెస్టర్‌ను లాగడానికి. చైన్ బండి గట్టి నేల మీదే నిలబడాలి, పొడుగు వైరు తాడు మాత్రమే పొలంలోకి పోవాలి. దిగబడ్డ ట్రాక్టర్ డ్రైవర్ తనంతట తాను ఎక్కించబోయి, ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడి చచ్చిపోయిన ఊళ్లు మన చుట్టుపక్కల లేవంటావా? ఆ డ్రైవర్ ఇంజన్ ఆపి దిగి, పక్కకు జరిగితే చాలు, మన బండి మెల్లగా లాక్కొస్తుంది. మేం అలా ఎన్ని బండ్లు లాగామో లెక్కలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇక చెలక. నీకు దీని విలువ తెలిసేది ఇక్కడే.

మన దగ్గర పదేళ్లుగా అందరూ రొటోవేటరే తిప్పుతున్నారు. అది పైన అయిదారు అంగుళాలు పిండి చేస్తుంది, ఆ కింద మట్టిని దాని కత్తులే తట్టి తట్టి గట్టి పొర చేస్తాయి. ఒకసారి నీ చెలకలో పత్తి పీకేటప్పుడు మెల్లగా పారతో పక్కన తవ్వి, వేరు తెగకుండా చెట్టును తీసి చూడు. తల్లివేరు ఓ జానెడు దిగి అక్కడ మోకాలు మడిచినట్టు పక్కకు తిరిగిందా? తిరిగితే ఆ చోట గట్టి పొర ఉన్నట్టే. నేను మా చెలకలో అలా తీసిన చెట్టును ఇంట్లో గోడకు కట్టి ఉంచాను, ఎవరొచ్చినా చూపించేవాడిని. వాన పడితే నీళ్లు ఆ పొర మీదే ఆగి చెట్టు పసుపెక్కుతుంది. పది రోజులు వాన లేకపోతే అదే చెట్టు వాడిపోతుంది, ఎందుకంటే కింద తడి ఉన్నా వేరు అందుకోదు.

దానికి మందు సబ్‌సాయిలర్. అంటే గట్టి పొరను లోతుగా చీల్చే కొంకి నాగలి. ఒక్క కొంకి ఉన్నది చాలు, నీ షాపులో నువ్వే చేసుకోవచ్చు. 40, 45 సెంటీమీటర్ల లోతు, సాళ్ల మధ్య 1.2 మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి బిగుసుకుని ఉన్నప్పుడే చేయాలి. అప్పుడైతే పొర పెళ్లలుగా పగులుతుంది. తడి మీద చేస్తే కొంకి వెన్నలో కత్తిలా పోతుంది, పగలదు. లెక్క చూస్తే గంటకు 2.7 కిలోమీటర్లు, 1.2 మీటర్ల వెడల్పు, అంటే గంటకు 3,240 చదరపు మీటర్లు. ఎకరం 4,047. మలుపులతో కలిపి ఎకరానికి గంటన్నర నుంచి రెండు గంటలు. నిండు లోడు మీద డీ2 గంటకు 6, 7 లీటర్లు తాగుతుంది, ఎకరానికి 9 నుంచి 14 లీటర్లు. 50 హార్స్‌పవర్ టైర్ల ట్రాక్టర్ కూడా ఈ పని చేస్తుంది, చేయదని అనను. కానీ బిగిసిన చెలకలో దాని టైర్లు జారి అరుగుతాయి, డ్రైవర్ టెన్షన్‌తో లోతు తగ్గించేస్తాడు. 30 సెంటీమీటర్ల దగ్గర నడిపి అయిపోయిందంటాడు, పొర అలాగే ఉంటుంది. చైన్ బండికి లోతు తగ్గించాల్సిన అవసరం రాదు. మూడేళ్లకోసారి చేస్తే చాలు. ఏటా వద్దు.

ఈ దేశానికి చైన్ ట్రాక్టర్లు పెద్ద ఎత్తున వచ్చింది కూడా లోతు దుక్కి కోసమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మధ్య భారతంలో లక్షల ఎకరాలు కాన్స్ గడ్డి, మనం రెల్లు అంటామే, దాని కింద పడిపోయి ఉండేవి. దాని వేర్లు నాగలికి అందవు. కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ పెట్టి, యుద్ధంలో మిగిలిన అమెరికన్ చైన్ ట్రాక్టర్లతో ఆ నేల దున్నించింది. 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది కూడా ఆ గడ్డి నేలలు బాగుచేసే యంత్రాలకే. అవి డీ2 కంటే చాలా పెద్దవి. సూత్రం మాత్రం ఒకటే, వేరు ఉన్న లోతు దాకా ఆగకుండా లాగడం.

సర్కారు తుమ్మ కూడా అంతే. జేసీబీతో పైపైన పీకిస్తే మొద్దు మట్టిలో మిగిలి ఆరు నెలల్లో గుంపుగా లేస్తుంది. మొలకలు వచ్చేది భూమికి జానెడు లోపలున్న మెడ దగ్గర్నుంచి. చుట్టూ ఓ అడుగు తవ్వి, ఆ మెడ కింద విడిగా ఒక లాగుడు చైన్ బిగించి, మొదటి గేరులో మెల్లగా లాగితే వేరుతో సహా వస్తుంది. సన్న మొద్దులు రోజుకు 40, 50 లాగేవాళ్లం. లావువి అయితే ముందు రోజు నీళ్లు పోసి నానబెట్టేవాళ్లం.

ఇక్కడ ఒక జాగ్రత్త, దయచేసి నవ్వి వదిలేయకు. ఒకసారి లావు మొద్దు కదలక, మా బామ్మర్ది బండిని కాస్త వెనక్కి తెచ్చి ఊపుతో లాగాడు. హుక్కు విచ్చుకుంది. చైన్ ముక్క తిరిగి వచ్చి సీటు వెనక రేకుకు కొట్టుకుంది, రేకు అరచేతి లోతున సొట్టబోయింది. ఆ రేకు లేకపోతే అది నేరుగా అతని నడుముకు తగిలేది. ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరికీ మాట రాలేదు. అప్పట్నుంచి ఊపుతో లాగడం మానేశాం. చైన్ మధ్యలో తడి గోనెసంచులు రెండు వేసేవాళ్లం, తెగినా ఎగరకుండా. లాగే చైన్ పొడుగుకు రెండింతల దూరం లోపల మనిషి ఉండకూడదు. చైన్ ఎప్పుడూ కింద డ్రాబార్‌కే కట్టాలి, అంతకంటే పైన ఎక్కడా కట్టకూడదు.

చెరువు పూడిక మట్టి గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతాను. 2015 నుంచి మిషన్ కాకతీయలో చెరువులు తవ్వినప్పుడు మన వైపు చాలామంది ఆ మట్టి చెలకల్లోకి తోలించుకున్నారు. ట్రాక్టర్లు కుప్పలు పోసి పోతాయి. ఆ వదులు కుప్పల మీద టైర్ల బండి ఒరిగిపోతుంది, చైన్ బండి ఎక్కి దిగుతుంది. ముందు బ్లేడు లేకపోయినా పర్వాలేదు. రెండు రైలు పట్టా ముక్కలను అడ్డంగా కట్టి వెనక లాగినా పరుస్తుంది. రెండు మూడు అంగుళాల మందంలో పరిచి, పై మట్టితో కలిసేటట్టు దున్ను. మందంగా పోస్తే ఎండాక పలకలు కడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, బండిని ఎలా చూడాలి. అందరూ ఇంజన్ చూస్తారు. నువ్వు కూడా ఇంజన్ తిరుగుతోందని రాశావు. పాత చైన్ బండిలో ఇంజన్‌ది చివరి మాట. డోజర్లకు పెట్టే ఖర్చులో సగం కింద చైన్‌కే పోతుందని గనుల్లో మాకు మొదటి రోజే చెప్పేవారు, అది ఈ చిన్నదానికీ వర్తిస్తుంది.

షెడ్డుకు పోయేటప్పుడు పార, ఇనుప బ్రష్, టార్చి, టేపు పట్టుకుపో. మొదట బండి వెనక వైపు, చైన్‌ను తిప్పే పళ్ల చక్రం చుట్టూ ఉన్న ఎండిన మట్టి గీకెయ్. పళ్లను పక్కనుంచి చూడు. కొత్త పన్ను పైన కాస్త బల్లపరుపుగా ఉంటుంది. అరిగిన పన్ను గద్ద ముక్కులా ఒక వైపు వంగి మొనదేలుతుంది. అలా ఉంటే చక్రం అయిపోయింది, ఆ చక్రం మీద కొత్త చైన్ వేసినా చెడిపోతుంది.

తర్వాత ఒక బుష్షును వేలితో తడుము. పన్ను తగిలే వైపు మెట్టులా గుంట తగులుతుంది. అవతలి వైపు నునుపుగా గుండ్రంగా ఉంటే సంతోషించు, పిన్నులు, బుష్షులు ఊడదీసి సగం తిప్పి మళ్లీ వేస్తే ఇంకో వయసు వస్తుంది. రెండు వైపులా మెట్టుంటే ఎవరో ఇదివరకే తిప్పేశారు. ఇక తిప్పడానికి లేదు.

బండి ముందు కూర్చుని నేలకు కన్ను ఆనించి చైన్‌ను పొడుగునా చూడు. తాడు లాగినట్టు తిన్నగా ఉందా, పాములా వంకర్లు తిరిగిందా. పాములా ఉంటే పిన్నులు వదులు. ముందు చక్రం బిగించే బోల్టు దగ్గర చూడు, చక్రం చివరి దాకా ముందుకు జరిగి ఉంటే చైన్ సాగిపోయినట్టే. ఇంకా ఒక మోసం ఉంది. సాగిన చైన్ నుంచి ఒక లింకు తీసేసి బిగుతుగా ఉన్నట్టు చూపిస్తారు. రెండు వైపులా లింకులు లెక్కపెట్టు. సమానంగా లేకపోతే అడుగు.

చైన్‌ను రోలర్ల మీద జాకీతో లేపి ఒక్కో రోలర్‌ను చేత్తో తిప్పు. తిరగాలి, ఊగకూడదు. పైనున్న రోలర్ ఒక వైపు బల్లపరుపుగా అరిగితే అది బిగుసుకుపోయి, చైన్ దాని మీద జారుతూ పోయిందని అర్థం. రోలర్లు మన లేత్ షాపుల్లో మెటల్ పోసి మళ్లీ గుండ్రంగా చేస్తారు. పిన్నులు, బుష్షులు కూడా చేయించొచ్చు, కానీ గట్టిపరిచే పని సరిగ్గా చేసే షాపు చూసుకోవాలి. పైన గాజులా గట్టిగా ఉండాలి, లోపల మెత్తగా ఉండాలి. మొత్తం గట్టిపరిస్తే పుటుక్కున విరుగుతాయి. ఊడదీయడానికి పెద్ద హైడ్రాలిక్ ప్రెస్ కావాలి, సుత్తితో మొదలుపెట్టకు, లింకు పగిలితే దొరకదు. డోజర్ చైన్లు చేసే వర్క్‌షాపులు గోదావరిఖని వైపు దొరుకుతాయి.

స్టీరింగ్ క్లచ్‌లు ఇంకో పెద్ద సంగతి. ఈ బండికి గుండ్రటి స్టీరింగ్ లేదు, రెండు లివర్లు, రెండు బ్రేకులు. ఎడమ లివర్ లాగితే ఎడమ చైన్‌కు బలం ఆగాలి, బండి ఎడమకు తిరగాలి. మూడేళ్లు వానకు, చెమ్మకు నిలబడితే క్లచ్ పలకలు తుప్పు పట్టి అతుక్కుంటాయి. లివర్ లాగినా బండి తిన్నగానే పోతుంది. మాది కొన్నప్పుడు కుడి వైపు అలాగే ఉంది. అమ్మినాయన కొత్త క్లచ్ వేయాలన్నాడు. మేం బండిని గంటసేపు నడిపి వేడెక్కించి, కుడి లివర్‌ను వెనక్కి లాగి తాడుతో కట్టాం. చిన్న గేరులో కుడి బ్రేకు తొక్కుతూ, వదులుతూ ముందుకీ వెనక్కీ కదిపాం. పది నిమిషాలు ఏమీ కాలేదు. నేను ఇక వదిలేద్దాం అంటుంటే లోపల టప్పుమని ఒక్క చప్పుడు వచ్చి, బండి మెడ పట్టి తిప్పినట్టు కుడికి తిరిగింది. ఆ సంతోషం ఇప్పటికీ మర్చిపోను. అన్నిసార్లూ ఇలా ఊడుతుందని చెప్పలేను, అందుకే క్లచ్ అతుక్కుంటే దాన్ని బేరంలో వాడుకో. క్లచ్ గదుల కింద డ్రెయిన్ బిరడాలుంటాయి. అవి విప్పించు. నూనె కారితే సీలు పోయింది, నీళ్లు కారితే తుప్పు ఖాయం.

ఫైనల్ డ్రైవ్, అంటే పళ్ల చక్రాన్ని తిప్పే గేర్ల డబ్బా, అందులోని నూనె కొంచెం చేతిలోకి తీయి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే రజను తగిలితే గేర్లు తింటున్నాయి. నా దృష్టిలో ఆ రజను కనబడితే ధర ఎంత తగ్గించినా కొనొద్దు.

ఇంజన్ గురించి ఒక్క పేరా. దీనికి సెల్ఫ్ ఉండదు. పక్కన రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ ఉంటుంది. తాడు చుట్టి లాగి అది స్టార్ట్ చేసి, దానితో పెద్ద డీజిల్ ఇంజన్‌ను తిప్పాలి. మొదట కంప్రెషన్ వదిలేసి కాసేపు తిప్పితే ఆయిల్ ప్రెషర్ వస్తుంది, అప్పుడు కంప్రెషన్ పట్టిస్తే పొగ ఊది అందుకుంటుంది. చూడటానికి తంతులా ఉంటుంది కానీ బ్యాటరీ లేని అడవిలో కూడా లేస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది పాత కార్బ్యురేటర్‌లోని బెండుతో చేసిన ఫ్లోటు మీద పూతను కరిగిస్తుంది, రబ్బరు తింటుంది. అందుకే పని కాగానే పెట్రోల్ కాక్ మూసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది కాలేదాకా నడిపి ఆపు. కాక్ వదిలేస్తే పెట్రోల్ కారి ఇంజన్ నూనెలో కలుస్తుంది. డీజిల్ పంపు క్యాటర్‌పిల్లర్ సొంత రకం, మామూలు పంపు షాపు వాడికి ఇవ్వకు. ప్లేటు మీద నంబరు మొదట్లో 5యూ లేదా 5జే ఉంటే 50 అంగుళాల వెడల్పు బండి, 4యూ లేదా 3జే ఉంటే 40 అంగుళాలది. గట్ల దగ్గర, వాలు నేల మీద వెడల్పుదే భద్రం. 1947 తర్వాతి యూ బండ్లకు సిలిండర్ బోరు కూడా 4 అంగుళాలకు పెంచారు, అవి మేలు.

నడిపేటప్పుడు ఒకటి తెలియాలి, ఇది ఎవరూ చెప్పరు. వాలు దిగేటప్పుడు, వెనక బరువు బండిని తోస్తుంటే, లివర్లు తలకిందులుగా పనిచేస్తాయి. ఎడమ లివర్ లాగితే ఎడమ చైన్ ఇంజన్ పట్టు నుంచి విడివడి వాలు మీద వేగంగా పోతుంది, కుడి చైన్‌ను ఇంజన్ పట్టుకుంటుంది, బండి కుడికి తిరుగుతుంది. చెరువు కట్ట దిగేటప్పుడు ఇది తెలియకపోతే బండి నీళ్లలో ఉంటుంది. దిగేటప్పుడు లివర్‌తో పాటు ఆ వైపు బ్రేకు తప్పనిసరిగా తొక్కు. ముందు నీ చెలకలో చిన్న వాలు మీద నాలుగు రోజులు నేర్చుకో. ఈ బండికి తిరగబడితే కాపాడే కమ్మీలు ఉండవు. పిల్లల్ని ఎక్కించకు.

చైన్ ఎప్పుడూ వీణ తీగలా బిగించకు. పైన రోలర్‌కూ ముందు చక్రానికీ మధ్య అంగుళం, అంగుళంన్నర వేలాడాలి. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు పళ్ల చక్రంలో మట్టి నిండి చైన్ తనంతట తానే బిగుసుకుంటుంది. మీ చెలక ఎర్రది కాబట్టి అది తక్కువ, కానీ పూడిక మట్టి పరిచే రోజున సాయంత్రం తప్పకుండా గీకెయ్. రోలర్లకు రోజూ గ్రీజు పెట్టు. చైన్ పిన్నులకు మాత్రం నూనె పోయకు, దుమ్ము పట్టి ఇంకా అరుగుతాయి.

తార్రోడ్డు మీద నడపడానికి లేదు, రోడ్డూ పోతుంది, చైనూ పోతుంది. డీసీఎం మీదే తెచ్చుకోవాలి. ఇనుప చైన్ ఇనుప ప్లాట్‌ఫాం మీద సబ్బులా జారుతుంది, కింద చెక్క పలకలు వేసి ఎక్కించు.

ధర మాట. మూడు టన్నుల పాత ఇనుము కిలో 30 రూపాయలు అనుకున్నా 90 వేల పైన ఉంది, అంతకు తక్కువకు వాళ్లూ ఇవ్వరు. చైన్ సగం వయసు మిగిలి, క్లచ్‌లు పనిచేస్తే లక్షా 70, లక్షా 80 దాకా నేనైతే ఇస్తాను. 2 లక్షల 80 వేలకు నేను కొనను. బుష్షులు ఇదివరకే తిప్పి ఉంటే పాత ఇనుము ధరకే అడుగు. నీ ఒక్క 8 ఎకరాల కోసమైతే నాలుగు రోజులు డోజర్ కిరాయికి తెచ్చుకోవడమే చౌక, ఇది ఎవరైనా వేసే లెక్కే. కానీ నీకు వెల్డింగ్ షాపుంది, సబ్‌సాయిలర్ నువ్వే చేస్తావు, రోలర్లు నువ్వే నింపుకుంటావు. నీ చుట్టూ ఉన్న నలుగురు రైతుల చెలకలు కలిపి 50, 60 ఎకరాలు ఏప్రిల్, మేలో లోతు దుక్కికి దొరికితే బండి తన తిండి తాను సంపాదించుకుంటుంది. కొనే ముందు ఆ నలుగురితో మాట్లాడు. మిర్చి, పత్తి వేసేవాళ్లు ముందుకొస్తారు, వాళ్లకు గట్టి పొర దెబ్బ తెలుసు. కాగితాలు ఉండవు కాబట్టి అమ్మేవాళ్ల దగ్గర బండి నంబరుతో, తేదీతో సంతకం చేసిన రశీదు తీసుకో.

వచ్చే ఆదివారం నేను నర్సంపేట వస్తున్నాను. అంతకుముందే నువ్వొకసారి పోయి మట్టి గీకి, పళ్ల చక్రం పక్కనుంచి ఒకటి, బుష్షు దగ్గర్నుంచి ఒకటి ఫొటోలు తీసి పంపు. టేపుతో నాలుగు లింకుల పొడవు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు, బిగుతుగా ఉన్నచోట కొలిచి రాయి. రెండు వైపులా కొలువు. అవి చూశాక షెడ్డుకు ఇద్దరం కలిసి పోదాం.